ఆరోగ్యపు మాట: క్షయ వంశాన వస్తుందా?

సంబంధాలు చూసేటప్పుడు మనవారు పైకి అడిగే సంగతులు కొన్ని, చాటున విచారించేవి కొన్ని. గోత్రం, చదువు, ఉద్యోగం, ఆస్తి - ఇవి పైకి అడిగేవి. పక్కవీధి చుట్టాన్ని పట్టుకొని, గొంతు తగ్గించి అడిగేవి వేరే వున్నవి. ఆ రెండవ జాబితాలో క్షయ ఏనాటి నుంచో వున్నది. ఇప్పుడు దానిని 'టి.బి.' అంటున్నారు గాని, భయం మాత్రం పాతదే. "ఆ యింట టి.బి. వున్నదట" అన్న ముక్క చెవిన పడితే చాలు, జాతకాలు ఎంత చక్కగా కుదిరినా మధ్యవర్తి మళ్ళీ ఆ గుమ్మం తొక్కడు.

బరంపురం నుంచి ఒక సోదరి ఈ విషయమే మా శీర్షికకు వ్రాశారు. పేరు వేయవద్దన్నారు, వేయము. వారి పెదనాన్నగారు చాలా యేళ్ళ క్రిందట క్షయతో పోయారట. ఇప్పుడు అన్నగారికి అదే జబ్బు తేలింది. రెండు నెలలుగా సర్కారు మాత్రలు వాడుతున్నారు. ఇంతలో చెల్లెలికి విజయనగరం నుంచి మంచి సంబంధం వచ్చింది. మాట బయటికి పొక్కుతుందేమోనని తల్లిగారు ఆశా దీదీని ఇంటికి రానివ్వడం లేదు. ఇంట్లో నాలుగేళ్ళ మేనకోడలు, ఎనిమిది నెలల మేనల్లుడు వున్నారు. "మాది క్షయ వంశమేనా? అయితే ఆ సంగతి దాచి చెల్లెలి పెళ్ళి చేయడం తప్పు కాదా?" అని ఆమె ప్రశ్న.

వంశం సంగతి తరువాత చెప్పుకుందాము. ముందు ఆ పిల్లలిద్దరి సంగతి చూడాలి. తల్లీ, మీ అమ్మగారికి నచ్చచెప్పి, వీలైతే ఈ వారంలోనే, పిల్లలను ఆస్పత్రికి తీసుకొని వెళ్ళండి. ఇంట్లో ఊపిరితిత్తుల క్షయ తేలినప్పుడు అయిదేళ్ళలోపు పిల్లలకు జబ్బు లేదని పరీక్షించి, ముందుజాగ్రత్తగా మందు ఇస్తారు. మీ అన్నగారు రెండు నెలలుగా మాత్రలు సరిగా వాడుతూ వుంటే ఆయన వల్ల అంటుకొనే భయం ఈపాటికి చాలావరకు తగ్గి వుంటుంది. కాని మాత్రలు మొదలుపెట్టక పూర్వం ఆయన దగ్గిన దగ్గు ఎవరి ఊపిరిలో చేరిందో ఎవరికీ తెలియదు. పసిపిల్లలకు క్షయ పట్టుకుంటే పెద్దవారిలో వలె నెలల తరబడి ఆగదు. మెదడు పొరలకు పాకిన సందర్భాలు వున్నవి. పెళ్ళి ముహూర్తం ఒక నెల ఆగవచ్చును, ఇది ఆగదు.

ఇక వంశం మాట.

క్షయ వంశపారంపర్యమన్న నమ్మకం మన ఒక్కరిదే కాదు. పంతొమ్మిదవ శతాబ్దంలో ఉత్తర ఐరోపాలోని గొప్ప డాక్టర్లు చాలామంది అలాగే నమ్మారు. ఒకే యింట అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు వరుసగా పోతుంటే ఇది రక్తంలో వున్నదని అనుకోవడంలో ఆశ్చర్యమేమున్నది? దక్షిణాన స్పెయిన్, ఇటలీ దేశాలవారు మాత్రం ఇది అంటువ్యాధి అనేవారు. షోపాన్ అనే సంగీత విద్వాంసుడు 1838-39 శీతాకాలంలో మజోర్కా ద్వీపానికి వెళ్ళినప్పుడు ఆయనకు క్షయ అని తెలిసి, ఇంటి యజమాని ఖాళీ చేయించడమే కాక, పరుపులు తగులబెట్టడానికీ గోడలకు సున్నం వేయించడానికీ ఖర్చు కూడా వసూలు చేశాడు. పారిస్‌లో ఆయనను ఎవరూ అలా వెళ్ళగొట్టలేదు. అక్కడివారి లెక్కన అది ఆయన పుట్టుకతో తెచ్చుకొన్నది. 1882 మార్చి 24వ తేదీన బెర్లిన్‌లో రాబర్ట్ కాఖ్ క్షయకు కారణమైన క్రిమిని కనుగొన్నానని ప్రకటించాడు. దానితో దక్షిణాదివారి మాట నెగ్గింది. వంశమన్న మాట మూలపడింది.

మూలపడింది గాని పోలేదు. ఎందుకంటే క్రిమి దొరికిన తరువాత ఇంకొక చిక్కు ప్రశ్న లేచింది. ఒకే గదిలో పడుకొని, ఒకే గాలి పీల్చిన అయిదుగురిలో ఒకరికే జబ్బు వస్తుంది, నలుగురికి రాదు. ఆ ఒకరికే ఎందుకు రావాలి?

ఇక్కడ పాఠకులు ఒక్క సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి. క్రిమి వంట్లో చేరడం వేరు, జబ్బు చేయడం వేరు. రోగి దగ్గినప్పుడు గాలిలోకి లేచిన సన్నని తుంపరలలో క్రిములు వుంటవి. వాటిని పీల్చినవారి ఊపిరితిత్తులలో కాపలా వుండే భక్షక కణాలు ఆ క్రిములను మింగుతవి. కొందరిలో అక్కడితో సరి. మరికొందరిలో క్రిమి చావదు, పెరగనూ పెరగదు. చుట్టూ రక్షక కణాలు గోడ కట్టి దానిని ఒక చిన్న ముడిలో బంధిస్తవి. దీనినే దాగిన క్షయ అనవచ్చును. దగ్గు వుండదు, జ్వరం వుండదు, ఇతరులకు అంటదు. ఆ మనిషి తన పని తాను చేసుకుంటూ ఎనభై యేళ్ళు బతకవచ్చును. ప్రపంచ జనాభాలో నాలుగోవంతు మందికి ఏదో ఒకనాడు ఈ క్రిమి సోకి వుంటుందని అంచనా. మన దేశంలో 2019-2021 మధ్య జరిగిన సర్వేలో పదిహేనేళ్ళు దాటినవారిలో నూటికి 31 మందికి క్రిమి సోకిన గుర్తులు కనిపించినవి. క్రిమి సోకినవారు నూరుగురిలో అయిదు నుంచి పదిమందికి మాత్రమే జీవితకాలంలో జబ్బు పైకి వస్తుంది, అదీ ఎక్కువగా మొదటి రెండేళ్ళలో.

అంటే, "మీ యింట క్షయ వున్నదా?" అని గొంతు తగ్గించి అడిగే పెద్దమనిషి వంట్లోనే ఆ క్రిమి నిద్రపోతూ వుండవచ్చును. ముగ్గురు పెద్దమనుషులు సంబంధం మాట్లాడటానికి వచ్చి కూర్చుంటే, లెక్క ప్రకారం వారిలో ఒకరు ఆ జాబితాలోనివారే.

మనిషికీ మనిషికీ వున్న ఈ తేడాను బయటపెట్టిన ఘోరమొకటి జర్మనీలో జరిగింది. లూబెక్ అనే పట్నంలో 1929 డిసెంబరు మొదలు 1930 ఏప్రిలు వరకు పుట్టిన పిల్లలకు బి.సి.జి. టీకామందు నోట పోశారు. ఆ మందును తయారుచేసిన స్థానిక ప్రయోగశాలలో, నిరపాయమైన బి.సి.జి.లో అసలైన క్షయక్రిమి కలిసిపోయింది. ఎవరూ గమనించలేదు. 251 మంది పసికందులు ఆ మందు మింగారు. వారిలో 72 మంది క్షయతో పోయారు. తక్కిన పిల్లలలో చాలామందికి జబ్బు జాడలు కనిపించి కూడా, ఆనాటికి క్షయకు మందన్నది లేకపోయినా, వాటంతటవే సర్దుకొని బతికి బట్టకట్టారు. తప్పు చేసినవారి మీద విచారణ జరిగి శిక్షలు పడినవి.

ఆ తల్లుల దుఃఖం తలచుకుంటే ఇది ఉదాహరణగా చెప్పడానికి మాకు మనసు ఒప్పడం లేదు. కాని ఒకే క్రిమి, ఒకే పట్నం, ఇంచుమించు ఒకే వయస్సు. అయినా ఒకరికి మరణం, ఒకరికి నాలుగు నాళ్ళ నలత. పుట్టుకతో వచ్చే దేహతత్త్వంలో తేడా వున్నదనడానికి దీనిని చాలాకాలం సాక్ష్యంగా చూపారు. ఇందులోనూ ఒక మెలిక వున్నది. అందరికీ పోసిన మందులో విషక్రిమి పాలు ఒకటి కాదు. కొన్ని సీసాలలో ఎక్కువ, కొన్నింటిలో తక్కువ. ఆ రికార్డులను ఈమధ్య మళ్ళీ పరిశీలించినవారు, ఎక్కువ మోతాదు పడిన పిల్లలే ఎక్కువగా పోయారని తేల్చారు. దేహతత్త్వం ఒక పాలు, మోతాదు ఒక పాలు. ఈ రెండవ పాలును మనవారు సులువుగా మరచిపోతారు.

కవల పిల్లల లెక్కలు మరింత సూటిగా వుంటవని శాస్త్రజ్ఞులు అటు తిరిగారు. ఒకే పిండం రెండుగా చీలి పుట్టిన కవలలకు దేహ నిర్మాణపు లిపి అంతా ఒక్కటే. రెండు వేరు పిండాల కవలలు మామూలు తోబుట్టువులవంటివారు. న్యూయార్కులో కాల్మన్, రైస్నర్ అనే ఇద్దరు 1943లో ప్రకటించిన లెక్క ఇది: కవలలలో ఒకరికి క్షయ వస్తే, ఒకే పిండపు జంటలలో రెండవవారికి నూటికి 87 పాళ్ళు వచ్చింది, వేరు పిండపు జంటలలో 26 పాళ్ళు. చూడబోతే వంశమే నెగ్గినట్టున్నది! తరువాత ఇంగ్లండులో బార్బరా సైమండ్స్ మరింత జాగ్రత్తగా కవలలను సేకరించి 1963లో ప్రకటించారు. ఆ లెక్కలనే 1978లో కామ్‌స్టాక్ అనే అమెరికన్ మళ్ళీ కట్టి చూస్తే, ఒకే పిండపు జంటలలో నూటికి 31, వేరు పిండపు జంటలలో నూటికి 15 అని వచ్చింది. 2007లో వేరొక బృందం వాటినే ఇంకొకసారి తిరగేసి, కలిసి వుండటం, ఒకే గదిలో పడుకోవడం, మొదటి రోగి తెమడలో క్రిములు వుండటం - వీటి బలం పుట్టుక బలం కన్న ఎక్కువని చెప్పింది. అచ్చుగుద్దినట్టున్న కవలలు ఒకే పక్కలో పెరుగుతారు, పెద్దయినా ఒకరినొకరు వదలరు. అందువల్ల ఒకరి దగ్గు ఇంకొకరికి అందే అవకాశమూ ఎక్కువే గదా.

మాకు ఆ 31 అన్న అంకె మీదనే చూపు నిలిచింది. దేహపు లిపిలో ఒక్క అక్షరమైనా తేడా లేని ఇద్దరిలో ఒకరికి క్షయ వస్తే, నూటికి 69 జంటలలో రెండవవారికి రాలేదు. అంతటి కవలలకే రాసిపెట్టి లేనిది, పెదనాన్నగారి నుంచి తమ్ముడి కూతురికి రాసిపెట్టి వుంటుందా?

అయితే పుట్టుకలో ఏమీ లేదని అనడానికి వీలు లేదు. ఈ దేహపు లిపిలోని ఒక్కొక్క వాక్యాన్ని జన్యువు అంటారు. 1993లో కెనడాలోని మాంట్రియల్ శాస్త్రజ్ఞులు ఎలుకలలో అటువంటి జన్యువును ఒకదానిని పట్టుకొన్నారు. కొన్ని జాతుల ఎలుకలలో బి.సి.జి. క్రిమి వేగంగా పెరుగుతుంది, మరికొన్ని జాతులలో పెరగదు. కారణం చూస్తే ఆ జన్యువులో ఒకే ఒక్క అక్షరం తేడా. భక్షక కణం క్రిమిని మింగి ఒక సంచీలో బంధిస్తుందని చెప్పుకున్నాము గదా, ఈ జన్యువు వల్ల తయారయ్యే పదార్థం ఆ సంచీలోంచి ఇనుము, మాంగనీసు వంటి లోహాలను బయటికి తోడివేస్తుంది. క్రిమికి అవి లేనిదే పెరుగుదల లేదు. దొంగను గదిలో పెట్టి అన్నం నీళ్ళు ఆపివేసినట్టు. తోడే యంత్రం చెడిపోయిన ఎలుకలో దొంగకు విందే.

మనుషులలోనూ ఇదే జన్యువు వున్నది. పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియా దేశంలో చూసి, దానిలోని కొన్ని రకాలు క్షయ రోగులలో ఎక్కువగా వున్నవని 1998లో ప్రకటించారు. అయితే ఎలుకలో వలె ఒక్క అక్షరంతో తలరాత తేలిపోవడం మనుషులలో కనిపించలేదు. రకరకాల జన్యువులు, ఒక్కొక్కటి ఆవగింజంత ప్రభావం చూపేవి. ఒక దేశంలో కనిపించినది ఇంకొక దేశంలో కనిపించదు. మద్రాసులో చేట్‌పట్ క్షయ పరిశోధన కేంద్రంవారు కూడా 1990 దశకంలో ఇటువంటివి వెదికారు. రక్షక కణాలు తన పర భేదం గుర్తుపట్టడానికి వాడే గుర్తులలో ఒక రకం దక్షిణాది క్షయ రోగులలో కొంచెం ఎక్కువగా వున్నదన్నారు. అదే రకం జబ్బు ఎన్నడూ ఎరుగని లక్షలాది జనంలోనూ వున్నది. లండన్‌లో కాపురమున్న గుజరాతీలను పరిశీలించినవారు 2000లో చెప్పిన సంగతి ఇంకా ఆలోచించదగ్గది: విటమిన్ డి.ని వినియోగించుకొనే జన్యువులో కొన్ని రకాలకు, వంట్లో ఆ విటమిన్ కొరత తోడైనప్పుడు క్షయతో ఎక్కువ సంబంధం కనిపించింది. సొంతవూరి ఎండ వదలి మబ్బు దేశానికి చేరినవారి కథ అది. జన్యువు అదే, వూరు మారింది.

అసలు క్రిమి సోకడమే కష్టమైనవారు కూడా కొందరున్నారు. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ దగ్గర, క్షయ లేని వీధి లేదన్నంతగా వున్న పేటలలో, 128 కుటుంబాలకు చేతి మీద సూది పరీక్ష చేసి 2009లో ఫలితాలు ప్రకటించారు. చిన్నప్పటినుంచి క్రిముల మధ్యనే పెరిగి కూడా కొందరికి ఆ సూదికి పొంగు రాలేదు. ఆ గుణం కుటుంబాలలో వరుసగా వస్తున్నదనీ, దాని మూలం పదకొండవ క్రోమోజోములో ఒకచోట వున్నదనీ కనుగొన్నారు. ఉగాండా దేశంలో రోగులతో ఒకే యింట వున్నవారిని యేళ్ళ తరబడి పరిశీలిస్తే సుమారు పదోవంతు మందికి పరీక్షలో ఎన్నడూ సోకిన గుర్తు రాలేదు. క్షయ వంశమని తలుపు వేసేవారు, క్షయ అంటని వంశాలూ వుంటవని తెలిస్తే సంబంధానికి అక్కడ వరుస కడతారేమో!

పుట్టుకదే పైచేయి అయిన సందర్భాలు లేకపోలేదు. రక్షక కణాలు ఒకదానికొకటి కబురు పంపుకొనే ఏర్పాటు పుట్టుకతోనే తెగిపోయిన పిల్లలు బహు అరుదుగా వుంటారు. వారికి బి.సి.జి. టీకా కూడా జబ్బు చేస్తుంది. 1996 నుంచి ఇటువంటి లోపాలను ఒకటొకటిగా గుర్తిస్తున్నారు. వీటిలో చాలావాటికి ఒక నియమం వున్నది. చెడిన ప్రతి తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి రావాలి. ఒక్కటే వస్తే ఏమీ కాదు. ఐరోపావారిలో టిక్2 అనే జన్యువులో ఇటువంటి రకం ఒకటి వున్నదని 2018లో చెప్పారు. అక్కడ సుమారు 600 మందిలో ఒకరికి రెండు ప్రతులూ వుంటవి, వారికి క్షయ భయం ఎక్కువ. పాతకాలపు ఎముకలలోని డి.ఎన్.ఎ. తీసి చూసి, గడచిన రెండు వేల యేళ్ళలో ఐరోపాలో ఆ రకం బాగా తగ్గిపోయిందని 2021లో తేల్చారు. అది గలవారిని క్షయే ఏరివేసి వుంటుందని వారి ఊహ.

రెండు వైపుల నుంచి ఒకే ప్రతి రావడమంటే, ఆ రెండు వైపులూ ఒక్క తాతగారి సంతానమే అయినప్పుడు అందుకు అవకాశం ఎక్కువ. ఇప్పుడు మన యిళ్ళు చూడండి. మేనమామకు మేనకోడలినిచ్చేటప్పుడు, మేనత్త కొడుక్కు చేసేటప్పుడు ఏ వంశంలో ఏ జబ్బు వున్నదని ఒక్కరూ అడగరు. "తెలిసిన రక్తమే గదా" అంటారు. బయటి సంబంధం రాగానే చాటుమాటు విచారణ! శాస్త్రం చూస్తే విచారణ తలక్రిందులుగా జరుగుతున్నది. పై లోపాలు చాలా అరుదు కనుక మేనరికాలు చేసుకొన్నవారు దీనికని బెంగ పెట్టుకోనక్కరలేదు. కాని వంశం పేరు ఎత్తి ఒక ఆడపిల్ల సంబంధం చెడగొట్టే ముందు, తమ యింటి మేనరికాలు ఎన్నో ఒకసారి వేళ్ళు మడిచి లెక్కపెట్టుకోవాలని మా మనవి.

రక్తపరీక్ష చేయించి, ఫలానావారికి క్షయ వచ్చే జన్యువు వున్నదో లేదో చూసుకోవచ్చునా అని అడుగుతారేమో. మామూలు యిళ్ళకు అటువంటి పరీక్ష లేదు. క్రిమి సోకిందో లేదో చెప్పే పరీక్షలు మాత్రం వున్నవి, అవి వేరు.

ఇంతకూ ఒకే యింట క్షయ తరతరాలుగా కనిపించడానికి కారణమేమిటి? పుట్టింటినుంచి వచ్చి, మరిదికో మామగారికో సేవచేసి, తానూ మంచం పట్టిన కోడళ్ళ కథలు మన పాత కుటుంబాలలో ఎన్ని లేవు! ఆ కోడలికి ఈ వంశం రక్తం ఎక్కడిది? ఆమెకు వచ్చినది ఆ యింటి గాలి. కిటికీ తీయని వెనుకగది, వదలని దగ్గు, చివరి పంక్తిలో మిగిలిన చారు అన్నం. తాతగారి యిల్లు కొడుక్కు వచ్చినట్టే ఆ గదీ వస్తుంది, లేమి వుంటే లేమీ వస్తుంది.

దీనికి మద్రాసులోనే గొప్ప రుజువు దొరికింది. 1956లో చేట్‌పట్‌లో క్షయ చికిత్సా కేంద్రం మొదలయింది. అంతవరకు క్షయ అంటే శానిటోరియం. అక్కడ మంచం దొరికేవారు కొద్దిమంది. బీదలైన 193 మంది నగర రోగులను రెండు భాగాలు చేసి, సగం మందికి శానిటోరియంలో, సగం మందికి వారి ఇరుకు యిళ్ళలోనే, ఒకే మందులు ఏడాది పాటు ఇచ్చారు. 1959లో ఫలితాలు వచ్చినవి. ఇంట వున్నవారిలోనూ శానిటోరియంవారితో ఇంచుమించు సమానంగా నయమయింది. ఆ పైన రెండు భాగాలవారి కుటుంబాలను అయిదేళ్ళు కనిపెట్టి చూస్తే, రోగి ఇంట్లోనే వున్నాడన్న కారణాన ఆ యింటివారికి జబ్బు ఎక్కువ రాలేదు. మందు పడగానే అంటించే బలం తగ్గిపోతుంది. అంటవలసినది చాలావరకు మందుకు ముందే అంటి వుంటుంది. ప్రపంచం అంతటా శానిటోరియాలు మూతపడటానికి ఈ మద్రాసు లెక్కలు ఒక ముఖ్య కారణం. అందుచేత బరంపురం సోదరికి మా జవాబు: సంబంధంవారు అడిగితే దాచనక్కరలేదు. "మా అన్నయ్యకు టి.బి. వచ్చింది, మందు వాడుతున్నాడు, ఇంటిల్లిపాదీ పరీక్ష చేయించుకున్నాము, చెల్లెలికి జబ్బు లేదు" అని చెప్పండి. ఆ పరీక్షలు ముందుగా నిజంగా చేయించండి. అంత విన్న తరువాత కూడా లేచిపోయేవారు రేపు మీ చెల్లెలికి నాలుగు రోజులు జ్వరం వస్తే ఏమి చేస్తారో ఊహించుకోండి.

లేమి మాట ఎత్తాము. 2019-2022 మధ్య జార్ఖండ్‌లోని నాలుగు జిల్లాలలో ఒక పెద్ద పరిశీలన జరిగింది. 2,800 మంది రోగుల యిళ్ళలోని 10,345 మందిని తీసుకొన్నారు. రోగులందరికీ తిండిగింజలు ఇచ్చారు. సగం యిళ్ళలో రోగికే ఇచ్చి, తక్కిన సగంలో ఇంటివారికి కూడా, పెద్దవారికైతే మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. ఇంటివారికి కూడా తిండి అందిన యిళ్ళలో కొత్తగా క్షయ రావడం నూటికి 39 పాళ్ళు తగ్గింది. 2023లో ఇది అచ్చయినప్పుడు చాలామంది ముక్కున వేలు వేసుకొన్నారు. వారి జన్యువులను ఎవరూ మార్చలేదు; అవే మనుషులు, అవే యిళ్ళు, పప్పన్నం మాత్రం కొత్తది. క్షయ వచ్చిన యింట రోగికి గుడ్డు, పాలు పెట్టి, కోడలికి మజ్జిగనీళ్ళతో సరిపెట్టే ఆచారం ఎక్కడైనా మిగిలి వుంటే, ఆ ఆచారానికి జవాబు ఈ లెక్కలో వున్నది.

ఇక దాగిన క్షయకు మందు. 2021 నుంచి మన దేశంలో, ఊపిరితిత్తుల క్షయ తేలినవారి ఇంట పిల్లలకే కాక పెద్దలకు కూడా, జబ్బు లేదని చూసుకొని, ముందుజాగ్రత్త చికిత్స ఇవ్వాలని నియమం పెట్టారు. ఐసోనియాజిడ్ అనే మాత్ర రోజుకొకసారి ఆరు నెలలు. లేక దానితో రిఫాపెంటిన్ కలిపి వారానికి ఒకసారి చొప్పున పన్నెండు వారాలు. ఏది ఎవరికన్నది డాక్టరు చెప్పాలి. రోగి వాడే మాత్రలు ఇంటివారు పంచుకోవడం మాత్రం మహా ప్రమాదం. ఇద్దరికీ మందు చాలక, క్రిమి మందుకు లొంగకుండా పోతుంది.

ఈ ఐసోనియాజిడ్ విషయంలో మాత్రం పుట్టుకతో వచ్చిన తేడా నిజంగా లెక్కకు వస్తుంది. 1952లో ఈ మందు వాడుకలోకి వచ్చింది. కొద్దికాలానికే, కొందరి కాలేయం దీనిని త్వరగా అరగదీస్తుందనీ, కొందరిది నెమ్మదిగా అరగదీస్తుందనీ తెలిసింది. ఇది తల్లిదండ్రులనుంచి వచ్చే జన్యువును బట్టి వుంటుంది. జపానువారిలో నెమ్మదివారు చాలా తక్కువ. మన దక్షిణాదిలో సగానికి పైగా నెమ్మదివారే. నెమ్మదివారి వంట్లో మందు ఎక్కువసేపు నిలుస్తుంది. కొందరికి కాళ్ళు చేతులు తిమ్మిరెక్కడం, అరికాళ్ళు మండటం మొదలవుతుంది. చేట్‌పట్ కేంద్రంవారు 1960లోనే ఈ తిమ్మిర్లను గమనించి వ్రాశారు. పిరిడాక్సిన్, అనగా బి6 విటమిన్, చిన్న మోతాదులో ఇస్తే ఇవి రావని కూడా ఆ దశకంలోనే చూపారు. అందుకే ఈ మాత్రలతో బాటు బి6 మాత్ర కూడా ఇస్తారు. "బలం మాత్ర గదా" అని దానిని పక్కన పడేయకూడదు. బాలింతలు, చక్కెర జబ్బువారు, తాగుడు అలవాటున్నవారు మరీ జాగ్రత్తగా వుండాలి. అన్నం సహించకపోవడం, వాంతులు, కళ్ళు పచ్చబడటం, మూత్రం ముదురు రంగుకు తిరగడం కనిపిస్తే మాత్రలు ఆపి ఆ రోజే డాక్టరుకు చూపించాలి. తిమ్మిర్లకు మాత్రం మందు మానరాదు. బి6 మోతాదు పెంచి ఇస్తారు, అడిగి తీసుకోవాలి.

చక్కెర జబ్బు గల యిళ్ళలో క్షయ సంగతి గురించి కోలారు నుంచీ షోలాపూరు నుంచీ రెండు ఉత్తరాలు మా బల్ల మీద వున్నవి. వచ్చే నెల వాటిని తీసుకుంటాము.